నాలుగు అవకాశాల్లో తేలిపోయే ఏడాది: బేస్‌బాల్ ఆడే పిల్లల నిరాశ ఎక్కడ పుడుతోంది?

సంక్షిప్తంగా: బేస్‌బాల్‌లో విఫలం కావడం ఆట పద్ధతిలోనే ఉంది. పిల్లలు దాన్ని మింగగలగాలంటే తొందరగా మళ్లీ ఆడే అవకాశం రావాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొరత దానికే. ఇక్కడి పిల్లలకు మ్యాచ్ ఓడినందుకన్నా సెలక్షన్ పోయినందుకు, ఎందుకు పోయిందో తెలియనందుకు బాధ ఎక్కువ. ఇంట్లో మాటతీరు మారితే కొంత మేలు జరుగుతుంది. ఆడే మ్యాచ్‌లు పెరగకపోతే మిగతా బాధ అలాగే ఉంటుంది.

పదిలో ఏడు, సరే... ఏ పదిలో?

బేస్‌బాల్ ఆడే పిల్లలకు చెప్పే ఓదార్పు మాటల్లో బాగా అరిగిపోయినది ఒకటి ఉంది. పదిసార్లు బ్యాట్ పట్టుకుని ఏడుసార్లు ఔటైనవాణ్ని కూడా ఈ ఆటలో మొనగాడనే అంటారు, కాబట్టి బాధపడకు అని. మాట అబద్ధం కాదు. అమెరికా మేజర్ లీగ్‌లో బ్యాటింగ్ సగటు .300 ఉంటే, అంటే పదిలో మూడుసార్లు హిట్ కొడితే (బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ అనే మూల గుర్తును చేరితే), మంచి బ్యాటర్ కిందే లెక్క. అందులో భాగాలైన అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక సీజన్ మొత్తానికి పదిలో నాలుగు దాటిన చివరి ఆటగాడు టెడ్ విలియమ్స్. అది 1941లో, సగటు .406. ఎనభై ఏళ్లు దాటినా మళ్లీ ఎవరివల్లా కాలేదు. 714 హోమ్ రన్లు (ఒకే దెబ్బకు బేస్‌లన్నీ చుట్టొచ్చే హిట్లు) కొట్టిన బేబ్ రూత్ 1,330 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే మూడు స్ట్రైకులు పడి ఔటయ్యాడు. కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా స్ట్రైకే.

ఈ ఓదార్పు వెనక ఒక షరతు దాగి ఉంది. పదిసార్లు బ్యాట్ పట్టుకోనివ్వాలి. మేజర్ లీగ్ జట్టు ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. రోజూ ఆడే బ్యాటర్‌కి ఐదారు వందల అవకాశాలు వస్తాయి. ఈరోజు నాలుగుసార్లూ ఔటైతే రేపు సాయంత్రం మళ్లీ నాలుగు ఉంటాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా సెలక్షన్స్‌కి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ రోజు మొత్తం మీద దక్కేవి మూడు నాలుగు అవకాశాలు. ఆ తర్వాత మళ్లీ ఏడాదికే.

చిన్న లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. నిజంగానే పదిలో మూడు కొట్టగల పిల్లవాడు నాలుగుసార్లు బ్యాట్ పట్టాడనుకుందాం. ప్రతిసారీ విఫలమయ్యే వీలు 0.7. దాన్ని నాలుగుసార్లు హెచ్చవేస్తే సుమారు 0.24 వస్తుంది. అంటే బాగా ఆడగల పిల్లలు నలుగురిలో దాదాపు ఒకరు ఆ రోజు ఒక్క హిట్ కూడా లేకుండా ఇంటికి పోతారు. మూడే అవకాశాలైతే ముగ్గురిలో ఒకరు. అదే పిల్లవాడికి ఇరవై అవకాశాలిస్తే, ఇరవైలోనూ సున్నా చుట్టే వీలు వెయ్యిలో ఒక్కటి కూడా లేదు.

ఈ లెక్క ఇంట్లో ఎవరూ వేయరు. సెలక్షన్స్‌లో కూర్చున్నవాళ్లు వేసినా చేయగలిగింది తక్కువ, ఎందుకంటే గ్రౌండ్ ఆ ఒక్క రోజుకే దొరుకుతుంది. పిల్లవాడికి మాత్రం "నాకు రాలేదు" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

ఔటైన తర్వాత ఏమవుతుంది?

ఏ ఆటైనా పిల్లల్ని బాధపెడుతుంది. ఎలా బాధపెడుతుందన్నది మాత్రం ఆటను బట్టి మారుతుంది. కబడ్డీలో ఔటైనవాడు గీత బయట కూర్చుంటాడు. తనవాళ్లు ఎదుటి జట్టులో ఒకరిని ఔట్ చేయగానే వరుసలో ముందున్నవాడు మళ్లీ లోపలికొస్తాడు. చెడుగుడు ఆడి పెరిగిన పిల్లలకు ఔటవడం అంటే కాసేపు కూర్చోవడం. క్రికెట్‌లో అలా కాదు. ఒక్క బంతికి ఇన్నింగ్స్ అయిపోవచ్చు, ఆ తర్వాత మ్యాచ్ అంతా చెట్టు కింద కూర్చుని చూడాల్సిందే. వీధి క్రికెట్‌లో పిల్లలే కనిపెట్టుకున్న "ట్రయల్ బాల్" అనే నియమం ఈ బాధకు విరుగుడే. మొదటి బంతికి ఔటైతే లెక్కలేదు. పెద్దల రూల్ పుస్తకంలో లేని దయ అది.

బేస్‌బాల్ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. తొమ్మిది మంది వరుసగా బ్యాట్ పడతారు, వరుస పూర్తయితే మళ్లీ మొదటికొస్తుంది. ఔటైన పిల్లవాడికి అదే మ్యాచ్‌లో మూడు నాలుగుసార్లు వంతు వస్తుంది. ఆ మేరకు ఈ ఆట కబడ్డీలాగే దయగలది. అయితే విఫలమైన ప్రతిసారీ అందరూ చూస్తుండగా ఒంటరిగా విఫలం కావాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు అమెరికా లిటిల్ లీగ్‌లో పిచ్చర్ నిలబడేది 46 అడుగుల దూరంలో. గంటకు 60 మైళ్ల వేగంతో విసిరితే బంతి బ్యాటర్ దగ్గరికి అర సెకనులో వచ్చేస్తుంది. కొట్టాలా వదలాలా అన్నది అందులోనే తేల్చుకోవాలి. మూడు స్ట్రైకులయ్యాక బ్యాట్ పట్టుకుని తలొంచుకుని నడిచి రావాలి. ఆ నడక తెలుగు పిల్లలకైనా అమెరికా పిల్లలకైనా ఒకటే పొడవు.

ఇంకో తేడా చాలామంది గమనించరు. బేస్‌బాల్ స్కోరుబోర్డు మీద పరుగులు, హిట్ల పక్కన ఎర్రర్లకు విడిగా ఒక గడి ఉంటుంది. క్రికెట్‌లో క్యాచ్ జారవిడిస్తే ఆ కాసేపు తిట్లు పడతాయి, స్కోరుకార్డులో మాత్రం ఎక్కడా ఎక్కదు. బేస్‌బాల్‌లో సులువుగా పట్టాల్సిన బంతి వదిలితే అది ఆ పిల్లవాడి పేరు మీదే నమోదవుతుంది.

ఆట ఇచ్చే మందు, మళ్లీ వచ్చే వంతు, పనిచేయాలంటే ఇన్నింగ్స్ జరగాలి. రెండు జట్లూ మూడేసి ఔట్‌లయ్యేదాకా చెరోసారి బ్యాట్ పడితే బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్. లిటిల్ లీగ్‌లో నాలుగు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే మ్యాచ్ ఆపేసే నియమం ఉంది. చిత్తుగా ఓడుతున్న పిల్లల పట్ల జాలితోనే దాన్ని పెట్టారు. కొత్తగా ఆడుతున్న జట్టుకు మాత్రం దానివల్ల వంతులు ఇంకా తగ్గుతాయి. ఎవరికి ఎక్కువ ఆట కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతుంది.

మద్దెల నిజంగానే ఓడైతే

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని సామెత. సాకులు చెప్పే పిల్లల నోరు మూయించడానికి బాగా పనికొస్తుంది. కానీ బేస్‌బాల్ విషయంలో కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు.

గ్లవ్ సంగతే చూడండి. బేస్‌బాల్ గ్లవ్‌ని బంతి విసరని చేతికి తొడుక్కుంటారు. కుడిచేత్తో విసిరేవాళ్లకు ఎడమచేతి గ్లవ్ కావాలి. సర్కారు బడి కిట్‌లో ఉండే కొద్దిపాటి గ్లవ్‌లు దాదాపు అన్నీ అవే, జట్టంతా వంతులవారీగా వాడుకుంటారు. పుర్రచేతివాటం ఉన్న పిల్లవాడు జట్టులో ఉన్నాడనుకోండి. వాడు బంతి విసిరేది ఎడమచేత్తో, గ్లవ్ పట్టేదీ ఎడమచేతికే. సెంటర్ ఫీల్డ్‌లోకి బంతి వచ్చింది. పరుగెత్తాడు, పట్టుకున్నాడు. ఇప్పుడు గ్లవ్ విప్పాలి, అందులోంచి బంతి తీయాలి, గ్లవ్‌ని చంకలో ఇరికించుకుని ఎడమచేత్తో విసరాలి. ఈలోపు రన్నర్ ఇంకో బేస్ దాటిపోయాడు. కొందరు పిల్లలు ఇది పడలేక గ్లవ్ తీసి పక్కన పారేసి ఉత్త చేతులతో నిలబడతారు. మరుసటి బంతికి అరచేయి కమిలిపోతుంది, ఆ తర్వాతి బంతికి భయం వేస్తుంది, భయపడి తల పక్కకు తిప్పేస్తే బంతి జారుతుంది. గట్టు మీద నుంచి చూసేవాళ్లకు చివరి ముక్కే కనిపిస్తుంది. "భయపడతాడు, వీడికి రాదు."

పైకి లేచిన బంతి ఇంకో చిక్కు. కొత్తగా ఆడేవాళ్లు బంతి తమవైపు రావడం చూడగానే ముందుకు పరుగెత్తుతారు. బంతి తల మీదుగా వెనక్కి పోతుంది. అందుకే కోచ్‌లు మొదటి అడుగు వెనక్కే వేయమని నేర్పుతారు. ఒకసారి చెబితే వచ్చేది కాదు, వందల బంతులు చూస్తేనే కంటికి అలవాటవుతుంది. మధ్యాహ్నం రెండింటి నెల్లూరు ఎండలో, టోపీ లేకుండా, మొదటిసారి అంత ఎత్తు బంతిని చూసే పిల్లవాడు దాన్ని వదిలితే అది చేతకానితనం కాదు, అలవాటు లేకపోవడం. గడ్డి లేని గ్రౌండ్‌లో గులకరాయి తగిలి పక్కకు ఎగిరిన బంతి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ సాకులుగా పోగేయడానికి చెప్పడం లేదు. నిరాశ ఎంతకాలం ఉంటుందన్నది చాలావరకు కారణాన్ని పిల్లలు ఎక్కడ వెతుక్కుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. "గ్లవ్ సరిపోలేదు, మొదటి అడుగు ముందుకు పడింది" అనుకున్న పిల్లవాడికి రేపు చేయడానికి పనుంది. "నేనింతే" అనుకున్నవాడికి లేదు. ఇక్కడ వయసు లెక్కలోకి వస్తుంది. చిన్నపిల్లలకు శ్రమ, సామర్థ్యం విడివిడిగా కనిపించవని, దాదాపు పదీ పన్నెండేళ్ల మధ్యే ఆ తేడా పూర్తిగా తెలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ నికోల్స్ 1978లో చూపించారు. ఎనిమిదేళ్లవాడు ఓడితే ఏడ్చి, పుల్ల ఐస్ కొనిపెట్టగానే మర్చిపోతాడు. పదమూడేళ్లవాడు ఏడవడు. "ఎంత కష్టపడినా నాకు రాదేమో" అన్న అనుమానం సరిగ్గా ఆ వయసులోనే మొదలవుతుంది. అండర్-14 సెలక్షన్స్ వచ్చి పడేదీ అప్పుడే.

జాబితాలో పేరు లేదు, కారణమూ లేదు

స్కూల్ గేమ్స్ పోటీలను జనం ఎస్‌జీఎఫ్ అనే అంటారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ లాంటివాటికి మండలం నుంచి మెట్లుంటాయి. జిల్లాకు పోలేకపోయినా మండలం దాకా ఆడానన్న తృప్తి మిగులుతుంది. ఆడే స్కూళ్లు తక్కువగా ఉన్న బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లాంటివాటికి చాలాసార్లు నేరుగా జిల్లా సెలక్షన్సే. ఉన్నది ఒకటే మెట్టు.

సాయంత్రం ఒక సారు చేతిలో కాగితం పట్టుకుని పేర్లు చదువుతారు. పేరు వచ్చినవాళ్లు ఆధార్ జిరాక్స్, బోనఫైడ్, ఫొటోల గురించి అడగడానికి ముందుకు పోతారు. రానివాళ్లు బూట్ల లేసులు విప్పుకుంటారు. అంతే. ఎందుకు రాలేదో చెప్పే పద్ధతి సాధారణంగా ఉండదు. దీన్ని పీఈటీల నిర్లక్ష్యం అనడం న్యాయం కాదు. ఒక్క మనిషి కబడ్డీ నుంచి చెస్ దాకా అన్నీ చూసుకుంటూ, చీకటి పడేలోపు పిల్లల్ని బస్సెక్కించాలి.

దీన్ని చదువుతో పోల్చి చూస్తే లోపం బయటపడుతుంది. నెల్లూరు రెసిడెన్షియల్ చదువులకు పేరున్న ఊరు. ఇక్కడి పిల్లలకు వీక్లీ టెస్టులు, ర్యాంకులు, వాటి టెన్షన్ కొత్త కాదు. వాటిలో లోపాలు ఎన్నున్నా, మార్కులు తగ్గిన పిల్లవాడికి ఏ చాప్టర్‌లో తగ్గాయో తెలుస్తుంది. దిద్దిన పేపరు చేతికొస్తుంది. సెలక్షన్స్‌లో దిద్దిన పేపరు ఇవ్వరు. ఆ ఖాళీని రెండు మాటలు నింపుతాయి. ఒకటి, "నేను పనికిరాను". రెండోది, "సిఫార్సు ఉన్నోళ్లనే తీసుకుంటారులే". రెండో మాట ఒక్కోచోట నిజమే కావచ్చు. నిజమైనా కాకపోయినా పిల్లవాడి మీద రెండు మాటల ప్రభావమూ ఒకటే. సోమవారం పొద్దున గ్రౌండ్‌కి పోవడానికి కారణం లేకుండా చేస్తాయి.

వయసు విభాగాల్లో కనపడని ఎత్తుపల్లం ఇంకొకటి ఉంది. ఏడాది చివరి తేదీని బట్టి వయసు లెక్కగట్టినప్పుడు, జనవరిలో పుట్టిన పిల్లవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే విభాగంలో పడతారు. పదమూడేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే కొన్ని అంగుళాల ఎత్తు, బంతి విసిరే దూరంలో చాలా తేడా. ఎదిగే వేగం కూడా అందరికీ ఒకేలా ఉండదు. చాలా దేశాల్లో, చాలా ఆటల్లో కటాఫ్ తర్వాతి నెలల్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఎంపికవుతున్నట్టు తేలింది. బళ్లో వేసేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించే అలవాటు ఉన్న చోట ఈ లెక్క ఇంకా గందరగోళమే. విచిత్రం ఏమిటంటే ఈ విషయంలో ప్రకాశం జిల్లా రైతులు ఎప్పుడో తెలివిగా ఆలోచించారు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో జతలను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. యజమాని చెప్పిన వయసు కన్నా నోరు తెరిచి చూసిందే లెక్క. గిత్తకు దొరికిన న్యాయం పిల్లవాడికి ఇంకా దొరకలేదు.

వాన సంగతి కూడా చెప్పాలి. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. స్కూల్ పోటీల కాలమూ ఇంచుమించు అదే. గ్రౌండ్ చెరువైతే ఉన్న ఒక్క మ్యాచూ పోతుంది, లేదా రెండు ఇన్నింగ్స్‌తో ముగించేస్తారు. అండర్-17 వయసు పదో తరగతి, ఇంటర్‌తో కలుస్తుంది. "వచ్చే ఏడాది చూద్దాం" అన్న మాట ఆ పిల్లలకు చెల్లదు. వచ్చే ఏడాది ఇంట్లో ఆడనివ్వరని వాళ్లకు తెలుసు.

తల్లిదండ్రుల బాధకు సర్టిఫికెట్ తోడవుతుంది. రాష్ట్రం తరఫున జాతీయ స్కూల్ పోటీల్లో ఆడితే వచ్చే కాగితం స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో పనికొస్తుందన్న ఆశతోనే చాలామంది పంపుతారు. కాలువ కింద రెండెకరాల రైతుకు ఆ ఆశ తప్పేమీ కాదు. కానీ సెలక్షన్ పోయిన సాయంత్రం పిల్లవాడు మోసేది తన ఒక్కడి నిరాశ కాదు, ఇంటి నిరాశ కూడా.

బండి మీద ఇంటిదాకా

నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఒంగోలు నుంచి మార్కాపురం కూడా ఇంచుమించు అంతే. సెలక్షన్ పోయాక తండ్రి వెనక బండి మీద కూర్చునో, బస్సులో కిటికీ పక్కనో ఆ దూరమంతా పోవాలి. ఈ ప్రయాణంలో పడే మాటలే పిల్లలకు ఎక్కువకాలం గుర్తుంటాయి.

"ఇంతేనా నువ్వు ఆడేది?" అన్న తండ్రికి కోపం కన్నా దిగులే ఎక్కువ. పిల్లవాడికి వినిపించేది మాత్రం తీర్పు. "ఆ అంపైర్ సరిగ్గా ఇవ్వలేదు, లేకపోతేనా" అన్న మాట ప్రేమతో వచ్చేదే. అది బాధను కోపంగా మారుస్తుంది, తగ్గించదు. "పోనీలేరా, ఆటలో ఏముంది, చదువుకో" అన్నది అన్నిటికన్నా మెత్తగా వినిపిస్తుంది, అన్నిటికన్నా లోతుగా దిగుతుంది. ఆరు నెలలుగా పొద్దున్నే ఐదింటికి లేచి చేసినదానికి విలువ లేదని చెప్పే మాట అది. "మీ మేనత్త కొడుక్కి వచ్చిందే" అన్నదాని గురించి వివరించాల్సిన పని లేదు.

పనిచేసేది చాలా చిన్న విషయం. బాధ ఉందని ఒప్పుకోవడం. "బాగా ఆశపడ్డావు కదా నాన్నా, రాలేదు" అని ఊరుకోవడం. దారిలో ఆగి టిఫినో మజ్జిగో ఇప్పించడం. ఆకలి, ఎండ, నిద్రలేమి కలిసిన శరీరంతో ఏ పాఠమూ ఎక్కదు. ఎక్కడ తప్పు జరిగిందన్న మాట మర్నాటికి వాయిదా వేస్తే పిల్లవాడే ఎత్తుకుంటాడు, ఎత్తుకోకపోతే అడగొచ్చు.

మాటతీరు ప్రభావం మీద జరిగిన అధ్యయనాల్లో ముఖ్యమైనవి కొన్ని పిల్లల బేస్‌బాల్ మీదే జరిగాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ 1970ల చివర్లో లిటిల్ లీగ్ కోచ్‌లకు చిన్న శిక్షణ ఇచ్చారు. తప్పు జరిగిన వెంటనే తిట్టకుండా ముందు ఒక ధైర్యం మాట చెప్పాలి, ఆ తర్వాత ఎలా సరిదిద్దుకోవాలో చూపించాలి, శిక్షలు వద్దు. వీళ్ల బృందమే 1992లో ప్రచురించిన మరో అధ్యయనంలో, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మరుసటి సీజన్‌కి మానేశారు, శిక్షణ పొందినవాళ్ల దగ్గర 5 శాతమే మానేశారు. ఆ జట్ల గెలుపోటముల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పిల్లల్ని నిలబెట్టింది గెలుపు కాదు. అధ్యయనం చిన్నది, దేశం వేరు. అయినా తేడా మాత్రం పెద్దది.

పొగడ్త విషయంలోనూ జాగ్రత్త అవసరం. "మా వాడు పుట్టు ప్లేయర్" అని నలుగురిలో చెప్పడం ఈ జిల్లాల్లో ముద్దు కిందే లెక్క. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి వయసు పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని పొగిడించుకున్న పిల్లలు ఒకసారి విఫలం కాగానే తొందరగా వదిలేశారు, తమ మార్కుల గురించి అబద్ధం చెప్పినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. పుట్టు ప్లేయర్ అన్న బిరుదు ఓడిన రోజు బరువవుతుంది. అలాగని ప్రతిదానికీ "బాగా కష్టపడ్డావు" అంటే చాలదు. ఊరికే అన్నమాటని పిల్లలు ఇట్టే పసిగడతారు. "మూడో బంతి నిలబడి చూశావే, అది మంచి పని" అన్నది నిలుస్తుంది, ఎందుకంటే అది చూసినవాళ్లే అనగలరు.

రెండు మూడు రోజులు ముభావంగా ఉండటం, అన్నం సరిగా తినకపోవడం మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, స్నేహితులకు దూరమైతే, బతకడం దండగ అన్న ధోరణిలో మాట్లాడితే అది ఆట సంగతి కాదు. రెండు వారాలని లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా బతకడం దండగ అన్న మాట వినగానే డాక్టర్ని కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

అంపైర్ తప్పు చేస్తే

అన్యాయం జరిగిందన్న బాధ ఓటమి బాధ కన్నా మొండిది. దీనికి బేస్‌బాల్‌లో చెప్పుకోదగ్గ ఉదాహరణ 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది. పిచ్చర్ అర్మాండో గలరాగా వరుసగా 26 మందిని బేస్ చేరనివ్వకుండా ఔట్ చేశాడు. 27వ వాడు కూడా ఔటైతే "పర్ఫెక్ట్ గేమ్". మేజర్ లీగ్ చరిత్రలో అప్పటికి అలాంటివి 20 మాత్రమే. బంతి చేరాకే రన్నర్ కాలు బేస్ మీద పడింది. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం సేఫ్, అంటే ఔట్ కాదు అన్నాడు. మ్యాచ్ తర్వాత వీడియో చూసి తన తప్పేనని ఒప్పుకుని గలరాగాకు క్షమాపణ చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్‌కి జాయిస్ మళ్లీ అంపైర్. జట్టు జాబితా కాగితాన్ని ఆయనకు అందించడానికి గలరాగానే పంపారు. కళ్లు తుడుచుకుంటున్న జాయిస్‌తో అతను చేయి కలిపాడు. ఆ రికార్డు మాత్రం ఈనాటికీ అతనికి దక్కలేదు.

పిల్లలకు ఈ కథను క్షమాగుణం గురించి చెబుతారు. అందులో రెండు వేరే విషయాలున్నాయి. తప్పు చేసిన పెద్దమనిషి నోరు తెరిచి ఒప్పుకున్నాడు. మర్నాడే ఇద్దరూ మళ్లీ మైదానంలో ఉన్నారు. ఈ రెండూ లేని చోట గలరాగాలా చేయి కలపమని పిల్లవాణ్ని అడగడం కష్టం.

జోర్డాన్ కథలో జారిపోయిన ముక్క

వాట్సాప్‌లో తిరిగే ఇంకో కథ ఉంది. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్‌ని స్కూల్ జట్టులోంచి తీసేశారని, ఆయన ఏడ్చి, పట్టుదలతో ప్రపంచాన్ని జయించాడని. జరిగింది పూర్తిగా అది కాదు. 1978లో విల్మింగ్టన్‌లోని లేనీ హైస్కూల్‌లో పదిహేనేళ్ల జోర్డాన్‌కి పెద్ద జట్టులో చోటు రాలేదు, అతని కన్నా పొడుగైన తోటి విద్యార్థికి వచ్చింది. జోర్డాన్‌ని జూనియర్ జట్టులో వేశారు. ఆ ఏడాదంతా అక్కడ మ్యాచ్‌లు ఆడాడు. పట్టుదల నిజమే, కానీ పట్టుదలను పెట్టడానికి ఒక జట్టు, ఒక మ్యాచ్ పట్టిక కూడా ఉన్నాయి. సెలక్షన్ పోయిన నెల్లూరు పిల్లవాడికి ఈ కథ చెప్పి పంపితే సగమే చెప్పినట్టు. జూనియర్ జట్టు ఏదని వాడు అడిగితే జవాబు లేదు.

అదే జోర్డాన్ 1994లో బేస్‌బాల్‌కి మారి బర్మింగ్‌హామ్ బారన్స్ అనే చిన్న లీగ్ జట్టుకు ఆడాడు. సగటు .202. 127 మ్యాచ్‌లు ఆడనిచ్చాక వచ్చిన సగటు అది.

ఏం మారితే ఏమవుతుంది

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉన్నాయి. క్రికెట్టూ ఉంది. ఆ సందడికి ఈ ఆటల వైపు వచ్చే పిల్లలు పెరిగితే ఒకే మెట్టు దగ్గర గుంపు పెరుగుతుంది, పేరు రానివాళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. మ్యాచ్‌లు పెరగకుండా ఆశావహులు పెరిగితే ఫలితం ఊహించడం కష్టం కాదు.

లిటిల్ లీగ్ నుంచి అప్పు తెచ్చుకోదగ్గ నియమాలు రెండున్నాయి. ప్రతి మ్యాచ్‌లో ప్రతి పిల్లవాడూ కనీసం ఒకసారి బ్యాట్ పట్టాలి, కనీసం ఆరు ఔట్‌లయ్యేదాకా ఫీల్డింగ్‌లో ఉండాలన్నది ఒకటి. పిచ్చర్ ఒక రోజులో ఇన్ని బంతులకు మించి వేయకూడదన్నది రెండోది. పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు ఆ పరిమితి 85. ఇది చేతి రక్షణ కోసం పెట్టిందే అయినా పక్క లాభం ఒకటుంది. అంకె చేరింది కాబట్టి దిగిపోతున్నాడని అందరికీ తెలుస్తుంది, చెత్తగా వేసినందుకు తీసేశారన్న ముద్ర పడదు. కారణం ముందే తెలిసిన నిరాశ సగం నిరాశే.

సెలక్షన్స్‌లో పేర్లు చదివాక, రానివాళ్లకు ఒక్కో మాట రాసిచ్చే పద్ధతి పెడితే పైసా ఖర్చు లేదు. "త్రో బలంగా ఉంది, పైకి లేచిన బంతి దగ్గర మొదటి అడుగు చూసుకో." సారుకి ఒక్కో పిల్లవాడికి నిమిషం పడుతుంది. నలభై మంది వస్తే నలభై నిమిషాలు. బస్సు టైముతో గొడవ పడే నలభై నిమిషాలే, కాదనలేం.

మ్యాచ్‌ల కొరతకు మాత్రం జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు. పక్కపక్క ఊళ్ల రెండు హైస్కూళ్లు ఆదివారం పొద్దున ఆరింటికి కలిస్తే, ఎండ ముదిరేలోపు ఐదు ఇన్నింగ్స్ అవుతాయి. అసలు బంతి లేకపోతే టెన్నిస్ బంతి చాలు. గ్లవ్‌ల గొడవ ఉండదు, పుర్రచేతివాడూ హాయిగా ఆడతాడు. బేస్‌లకు ఇసుక నింపిన గోతాలు సరిపోతాయి. నెలకు నాలుగు ఆదివారాలు, ఆదివారానికి మూడు వంతులు, ఒక్కొక్కరికి పన్నెండు. రెండు నెలలకు ఇరవై నాలుగు. ఎవరు ఎన్నిసార్లు బ్యాట్ పట్టారో, ఎన్ని కొట్టారో రాసిపెట్టడానికి ఒక రూళ్ల నోటుపుస్తకం కావాలి. ఆ పుస్తకం పట్టుకోవడానికి జట్టులో చోటు రాని పిల్లవాడే మొదట ముందుకొస్తాడు. వాడికీ మూడు వంతులు ఉండేలా చూసుకోవాలి.